కరగని నలుపు

తెల్లవెంట్రుకలు కప్పే నల్లరంగు పుల్ల ఒకటి తయారు చేయమని మా యజమాని పురమాయించాడు. లిప్‌స్టిక్ లాగా పాపిట దగ్గర రుద్దుకునే రకం. చంద్రగిరి దారిలో ఉన్న ఆయన ఫ్యాక్టరీలో నేను కెమిస్టును. అంతకు ముందు ఆయన గ్రానైట్ అమ్మేవాడు. రాయికీ వెంట్రుకకూ తేడా ఉందని చివరిదాకా ఒప్పుకోలేదు.

నా పరీక్ష సులువైనదే. తెల్లజుట్టు కుచ్చులకు రంగు పూసి, ఆరబెట్టి, చెమటలాగా గోరువెచ్చని ఉప్పునీళ్లలో ముంచి, తెల్లగుడ్డతో తుడిచేదాన్ని. గుడ్డ ప్రతిసారీ నల్లబడేది. మైనం పెంచితే జుట్టు అట్టకట్టేది. ఇంకొంత సమయం కావాలని అడిగాను.

ఆయన ఒక కుచ్చు తీసుకుని, నాలుగు నీటిచుక్కలు చిలకరించి, ఉఫ్ఫని ఊదాడు.

"సూడమ్మా, యాడ పోయింది? అట్నే ఉండాది కదా!"

"తుడిచి చూడండి సార్."

"తల తుడుసుకునేవాడు రంగెందుకు పూసుకుంటాడు?" అని నవ్వాడు. 'వానకూ చెమటకూ కరగదు' అని డబ్బాల మీద అప్పటికే అచ్చు వేయించేశాడు.

పలమనేరులో కల్యాణమండపం తీసుకుని డీలర్లను పిలిచాడు. నీళ్లు పోసి చూపించడానికి వేదిక మీద ఒక మనిషిని కూర్చోబెట్టాడు. ఆ మనిషి జుట్టుకు ముందురోజే సెలూన్లో పక్కా రంగు వేయించారని నాకు తెలుసు. యజమాని పుల్లను ఆ జుట్టుకు పైపైన తాకించి, నీళ్ల చెంబు నా చేతికిచ్చాడు. కెమిస్టు పోస్తే నమ్మకమట.

నాకు ఒళ్లు మండింది. నా పాపిట తెలుపు అందరికీ కనిపించేదే. పుల్ల అందుకుని దాని మీద బాగా రుద్దుకుని, చెంబు నా నెత్తినే కుమ్మరించుకున్నాను. నల్లనీళ్లు నుదుటి మీదుగా, ముక్కు మీదుగా కారి పైట తడిసిపోయింది.

ముందు వరసలో ఉన్న చిత్తూరు డీలరు గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు పడతాయి చీవాట్లు అనుకున్నాను.

"డబ్బా బాగుండాదప్పా," అన్నాడాయన యజమానితో. "మా పక్కకి ముందు పంపించు. నెత్తిన చెంబుతో నీళ్లు ఎవురు పోసుకుంటారు?"

అందరూ చప్పట్లు కొట్టారు. యజమాని ముఖం వెలిగింది. ఆయన మీద అంతకాలం దాచుకున్న అసహ్యం, కళ్లారా చూసి కూడా సరుకు అడుగుతున్న ఆ పెద్దమనుషుల ముందు నాకే చిన్నదిగా కనిపించింది.

ముఖం కడుక్కుని తిరుపతి బస్సెక్కాను. మళ్లీ ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. పుల్ల మాత్రం బాగానే అమ్ముడుపోతోంది. నేనిప్పుడు ఇంకోచోట సబ్బులు చేస్తున్నాను. కొనేవాళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. మురికి పోతుందా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.