నా కడుపుకు పడినదీ, పడనిదీ

మాయాబందర్ జెట్టీలో ఫెర్రీ ఇంజను మొదలుకాగానే డీజిల్ పొగ ఉప్పుగాలితో కలిసి ముఖానికి కొడుతుంది. నర్సునై ఇన్నేళ్లుగా ఈ జెట్టీ మీదనుంచే తిరుగుతున్నా, ఆ వాసన తగలగానే ఇప్పటికీ గొంతులోకి పులుపు ఎగదన్నుతుంది. మరుక్షణం విమల టీచర్ గుర్తొస్తారు.

మాది శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడిన జాలరి కుటుంబం. నాన్న పడవ మీదే పెరిగాడు. నాకేమో పడవెక్కితే వాంతి, బస్సెక్కితే వాంతి. డిగ్లీపూర్‌లో మేనత్త కూతురి పెళ్లికి నన్ను పక్కింట్లో వదిలి వెళ్లారు. సముద్రాన్ని నమ్ముకుని బతికే ఇంట్లో అది నామోషీయే. నర్సింగ్ చదవాలని నాకు గట్టి కోరిక. అందుకు ఓడలో చెన్నై వెళ్లాలి. ఆ మాట ఎత్తితే నాన్న మొదట్లో నవ్వేవాడు. తర్వాత నవ్వకుండానే, ఆ ఆశ వదులుకోమన్నాడు.

విమల టీచర్ మా స్కూల్లో ఆటలు నేర్పేవారు. పోర్ట్ బ్లెయిర్‌లోని డెలానీపూర్‌లో పుట్టిన తెలుగావిడ. పొట్టి మనిషి, గట్టి గొంతు, మాటల మధ్య హిందీ, మెడలో ఎప్పుడూ విజిల్. స్కూలు పిల్లలను చెన్నై తీసుకెళ్తున్నప్పుడు నా పేరు నేనే ఇవ్వలేదని తెలిసి, సాయంత్రం నేరుగా మా ఇంటికి వచ్చారు. వల బాగు చేసుకుంటున్న నాన్న తలెత్తి, "పడవెక్కితే కక్కేస్తాది టీచరమ్మా. ఓడెక్కించి దీన్ని సంపేస్తారేటి?" అన్నాడు.

ఆవిడ అమ్మ ఇచ్చిన టీ తాగుతూ తాపీగా చెప్పారు. "కక్కితే కడిగేద్దాం భయ్యా. ఇంట్లో కూర్చోబెడితే మాత్రం తగ్గిపోద్దా?"

చివరికి నాన్న సరేనన్నాడు. ఓడెక్కడానికి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే బస్సులో టీచర్ నన్ను డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టి, చేతిలోని పుస్తకం లాగేసుకుని, ఎదుటి రోడ్డునే చూడమన్నారు. ఓడలో నడిమి డెక్కు మీద, గాలి తగిలేచోట, ఆకాశం నీళ్లను తాకే గీతకేసి తిప్పి నిలబెట్టారు. అయినా వాంతులు ఆగలేదు, కానీ తగ్గాయి. చెన్నై చేరేలోపు ఒకపూట పప్పన్నం తిని కడుపులో నిలుపుకున్నాను. అదే పెద్ద గెలుపనుకున్నాను.

చెన్నై శివార్లలోని థీమ్ పార్కుకు తీసుకెళ్లినప్పుడు అందరూ ముందుగా గిరగిర తిరిగే కప్పుల్లోకి పరుగెత్తారు. నేనూ ఎక్కాను. దిగి గోడవారకు వెళ్లేలోపే తిన్నదంతా బయటికొచ్చింది. మా తరగతి సూరి పడీ పడీ నవ్వాడు. వాడూ జాలరి బిడ్డే, ఏ తుఫానుకీ కడుపు కదలనివాడు. ఇక ఇంటికెళ్లిపోదామని ఏడ్చాను. టీచర్ నా చేతికి నీళ్ల సీసా ఇచ్చి పక్కన కూర్చున్నారు.

"దేఖో ధనా, నాకు ఊయల పడదు. చిన్నపిల్లల ఊయల కూడా. మిగతావన్నీ పడతాయి. ఒక్కొక్క ఒంటికి ఒక్కొక్కటి. నీకు ఏది పడదో ఇప్పుడు తెలిసింది. ఏది పడుతుందో ఇంకా తెలియలేదు గదా. చల్."

ఆవిడ చూపించింది రోలర్ కోస్టర్. ముందు వరసలో నా పక్కనే కూర్చుని, పట్టాలు ఎటు తిరుగుతాయో అటే చూడమన్నారు. బండి టకటకమంటూ కొండంత ఎత్తుకెక్కి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత నేల మా మీదకు దూసుకొచ్చింది. నా గుండె గొంతులో ఉంది, కడుపు మాత్రం ఉన్నచోటే ఉంది. రెండో మలుపులో నాకు నవ్వొచ్చింది. మూడో మలుపులో చేతులు పైకెత్తాను. కిందికి దిగి తిన్నగా నడిచాను. వెనక వరసలోంచి దిగిన సూరి మాత్రం తల మోకాళ్ల మధ్య పెట్టుకుని నేలమీద కూలబడ్డాడు. వాడికి నా నీళ్ల సీసా ఇచ్చేసి, మళ్లీ క్యూలో నిలబడ్డాను.

తిరిగొచ్చాక టీచరే నాన్నకు అంతా చెప్పారు. నాన్న నమ్మలేక సూరిని కూడా అడిగాడట. రాత్రి అన్నం దగ్గర నాకేసి చూసి, "మళ్లీ ఎక్కినావా?" అన్నాడు.

"పార్కు మూసేదాకా ఎక్కాను నాన్నా."

నాన్న తన కంచంలోని చేపముక్క నా కంచంలో వేశాడు. "అలగైతే ఓడ నిన్నేటి సేస్తాది? ఎల్లు, సదువుకో."

వెళ్లాను, చదువుకున్నాను, నర్సునై తిరిగొచ్చాను. మొన్నటి వానల్లో, కాన్పు కష్టమైన ఒక అమ్మాయిని పక్క దీవి నుంచి పడవలో మాయాబందర్ ఆసుపత్రికి చేర్చాల్సొచ్చింది. అలలు పడవను ఎత్తి కుదేస్తున్నాయి. ఒక చేత్తో సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని, పక్కకు వంగి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని మళ్లీ ఆ అమ్మాయి నాడి చూశాను. సీసా పట్టిన చెయ్యి ఒక్కసారి కూడా దించలేదు. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది.

డెలానీపూర్‌లో విశ్రాంతిగా ఉంటున్న టీచర్‌కు ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను. వాంతి సంగతి కూడా దాచలేదు. ఆవిడ హాయిగా నవ్వారు. నా కడుపు మారలేదు, ఇక మారదు కూడా. కానీ నేను ఎక్కడికి వెళ్లాలో, వెళ్లకూడదో దాన్ని అడగడం మానేసి చాలా కాలమైంది.