ఎత్తు జీపు మేస్త్రీ

బండ్లు బాగుచేసే మేస్త్రీ పోయాడన్న కబురు నేను పాల కేంద్రం ముందు వరుసలో ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆయన షెడ్డు పక్కన పంక్చర్లు వేసే అన్న. "పాపా, ఈ పొద్దు నీ బండి తేవద్దులే," అన్నాడు. ఎందుకని అడిగాను. "తెల్లార్తో షట్టర్ ఎత్తతా ఎత్తతా కూలబడినాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయినాది. గుండె అంట."

వెనక ఆటో అతను హారన్ కొడుతున్నాడు. నేను క్యాన్లు దించాను, కొలత రాయించాను, ఖాళీ క్యాన్లు ఎక్కించుకున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నాకు ఏడుపు రావడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

ఆయన షెడ్డు పుత్తూరు నుంచి కార్వేటినగరం పోయే దారిలో ఉంది. నాలుగు రేకులు, ఒక గొయ్యి, గోడకు వేలాడే పానాలు. బోర్డు లేదు. ఎవరైనా అడిగితే, "ఎముకలిరిగిన మనుషులకు పుత్తూరు కట్టు, బండ్లకు నా కట్టు. దీనికి బోర్డెందుకప్పా?" అనేవాడు.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది బాగా విసిగిపోయాక. డిగ్రీ అయ్యాక తిరుపతిలో మూడు ఉద్యోగాలు పట్టి, మూడూ వదిలేసి, నాయన వద్దంటున్నా వినకుండా ఒక పాత జీపు కొన్నాను. కొండ కింద రెండు పల్లెల పాలు కేంద్రానికి చేరవేయాలని నా ఆలోచన. ఆ పల్లెలకూ తారు రోడ్డుకూ మధ్య ఒక వంక ఉంది. అడుగంతా గుండ్రాళ్లు, వానొస్తే మోకాటి లోతు నీళ్లు. ఆటోలు దాటలేవు. నా జీపును అంతకు ముందున్న ఆసామి కొండలెక్కే సరదాతో జానెడు ఎత్తు పెంచి, పెద్ద చక్రాలు వేయించుకున్నాడు. దాని ఎత్తు చూసి కొన్నాను. అది వంకను అవలీలగా దాటేది. దాటేటప్పుడు లోపలున్న వాటికి ఏమవుతుందో నేను ఆలోచించలేదు.

షాకబ్జర్లు నాలుగూ చచ్చిపోయి ఉన్నాయి. గుంటలో పడిన బండి మళ్లీ కుదుటపడేలోపు మరో నాలుగుసార్లు ఎగిరేది. క్యాన్లలో పాలు ఆ కుదుపుకు చిలికినట్టయి పైన వెన్న బిళ్లలు తేలేవి. కేంద్రంలో పరీక్ష చేసే అతను గరిటెతో వాటిని పక్కకు నెట్టి, "ఇవి పాలా మజ్జిగా పాపా?" అని నవ్వేవాడు. పైకి తేలిన వెన్న పరీక్ష గొట్టంలోకి రాదు కాబట్టి వెన్న శాతం తక్కువ పడేది. పాలు పోసే ఆడవాళ్లకు వచ్చే డబ్బూ తగ్గేది. రెండు ఆవులున్న ఒక అవ్వ ఒకరోజు అందరి ముందరే అడిగింది.

"అమ్మీ, నా ఆవులు అవే, గడ్డి అదే. నీ బండెక్కినాక వెన్న యాడికి పోతాండాది?"

నేను దొంగిలిస్తున్నానని అనలేదు. అనాల్సిన పనీ లేదు, మిగతా వాళ్లంతా నా ముఖం వైపే చూస్తున్నారు. "ఈ నెలాఖరు దాకా సూస్తాం. ఆ పైన నీకు పాలు పొయ్యం," అంది. వాళ్లు పోయకపోతే నా జీపు ఇంటి ముందు నిలబడిపోతుంది. నాకు పోయకపోతే వాళ్లు పాలను ఇంకెక్కడా అమ్ముకోలేరు. అది ఆమెకూ తెలుసు. తెలిసి కూడా ఆ మాట అందంటే నా మీద ఎంత అనుమానం ఉండాలి!

ఎత్తు పెంచిన జీపులకని విడిగా షాకులు దొరుకుతాయి. చెన్నై నుంచి తెప్పించాలి. నాలుగు నెలల పాల కిరాయి అటే పోతుంది. అందుకని తిరుపతిలో అంగడి అంగడీ తిరిగి, జీపు పేరు చెప్పి, చవకలో వెనక జత ఒకటి కొని వేయించాను. మూడో రోజు వంకలో చక్రం గుంటలోకి దిగగానే ఫట్‌మని మోత. ఒక షాకు చివర బోల్టు పట్టే కన్ను తెగి వేలాడుతోంది. అలా వేలాడుతున్న దానితోనే మేస్త్రీ షెడ్డుకు పోయాను.

ఆయన బండి కిందికి దూరి, బయటికి వచ్చి, చేతులు రంపపు పొట్టుతో రుద్దుకున్నాడు. ఎప్పుడూ అంతే, ముందు చేతులు, తర్వాత మాట.

"యాడ కొన్నావు?"

"తిరపతిలో."

"ఏమని అడిగినావు?"

"ఈ జీపుకు షాకులు కావాలని."

"ఆయప్ప ఇచ్చినాడు, తప్పేముండాది? ఆ పేరు జీపుకు అవే షాకులు. ఇది ఆ జీపా? కాళ్లు పొడుగైనాయి, ప్యాంటు మాత్రం పాతదే తొడిగినావు. చక్రం కిందికి జారినప్పుడు అందక తెగిపోయినాది." తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు. "సదువుకున్నదానివి గదా? బండి పేరు సెప్పి షాకులు కొనగూడదు పాపా. కొలత సెప్పి కొనాల."

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. జాకీతో బండి చట్రాన్ని పైకి లేపి చక్రాన్ని గాల్లో వేలాడదీసేవాడు. షాకు పైన బిగించే చోటి నుంచి కింద బిగించే చోటి దాకా ఒక వెదురుబద్ద పెట్టి కత్తితో గాటు పెట్టేవాడు. అది పొడుగు గాటు. బండి పూర్తిగా అణిగినప్పుడు ఎంత దూరం మిగులుతుందో అది పొట్టి గాటు. ఆ బద్ద పట్టుకుని పాత సామాన్ల అంగడికి పోయి ఏ బండి షాకైనా సరే పూర్తిగా లాగి ఒకసారి, పూర్తిగా నొక్కి ఒకసారి ఆ గాట్లకు ఆనించి చూసేవాడు. లాగితే పొడుగు గాటు దాటాలి, నొక్కితే పొట్టి గాటుకు లోపలే ఉండాలి. ఆ షాకు లారీదా, బడి వ్యానుదా అని ఆయన అడిగేవాడు కాదు. షెడ్డు మూల ఒక డబ్బాలో అలాంటి బద్దలు కట్టలుగా ఉండేవి. ఒక్కోదాని మీద బండి ఎవరిదో సుద్దముక్కతో రాసి ఉండేది.

నా బద్ద పట్టుకుని చిత్తూరుకు ఇద్దరం బస్సులో పోయాం. ఒక పాత మినీబస్సు షాకుల జత దొరికింది. బిగించాక ఆయన ముందు సీట్లో కూర్చోలేదు. వెనక క్యాన్ల మధ్య నేల మీద కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి.

"ముందుకు రా మేస్త్రీ, నడుం పోతుంది."

"ముందు సీట్లో షాకు మాట ఇనపడదు. నువ్వు నడుపు."

ఖాళీ క్యాన్లతో బాగానే దాటాం. తిరుగు ప్రయాణంలో క్యాన్ల నిండా పాలున్నాయి. వంక మధ్యలో వెనక డక్కుమని చప్పుడైంది, మళ్లీ ఇంకోటి. ఒడ్డుకు చేరాక ఆయన దిగి కిందికి వంగి చూశాడు. ఒక షాకు నుంచి ఆయిలు కారుతోంది.

నేను ఎందరో మెకానిక్కుల దగ్గర నిలబడ్డాను. తప్పు జరిగితే అది రోడ్డుది అంటారు, నా డ్రైవింగుది అంటారు, లేదంటే సామాను మంచిది కాదంటారు. మేస్త్రీ గట్టు మీద కూర్చుని, "నేను తప్పు కొలిచినా పాపా," అన్నాడు. "పొడుగు గాటు సరిగ్గా పెట్టినా. పొట్టి గాటు ఖాళీ బండిని సూసి అంచనాతో పెట్టినా. నీ బండి ఖాళీగా తిరిగేది కాదు గదా. నిండు బరువుతో అణిగేసరికి షాకుకు లోపల సోటు సాల్లేదు." నా దగ్గర పైసా తీసుకోకుండా మళ్లీ మొదటి నుంచి చేస్తానన్నాడు. నాకు అప్పటికే ఓపిక అయిపోయింది. నెలాఖరుకు వారమే ఉంది. జీపు అమ్మేసి బెంగళూరు పోతానన్నాను.

"పో. ఆడ ఏం పగిలినా నన్ను పిలవద్దు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కాసేపటికి, "నువ్వు దేన్నీ నిండు బరువు దాకా మోసి సూడలేదు పాపా. ఖాళీగా ఉన్నప్పుడే సాలు అంటావు," అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే మర్నాడు ఆయన్ని పల్లెకు తీసుకుపోయాను.

ఆయన పల్లెలో ఆడవాళ్లందరినీ పిలిచాడు. "ఎక్కండమ్మా, అందరూ ఎక్కండి. ఈ పొద్దు బరువున్నోళ్లకే మర్యాద!"

"ఏంది మేస్త్రీ, మమ్మల్ని యాడికి తోలుకపోతావు?"

"యాడికీ లేదు. ఈడనే. ఎక్కి ఎగరండి."

పాలు నింపిన క్యాన్ల మధ్య తొమ్మిదిమంది ఎక్కారు. అవ్వ రానంది. "వెన్న దొంగ బండి నేనెక్కను," అంది. ఆ మాట ఆ రోజు మొదటిసారి పైకి వచ్చింది. మేస్త్రీ బండి కింద పడుకునే తల బయటికి పెట్టాడు. "అవ్వా, దొంగ బండి కాదు, కుంటి బండి. చిలకడం దాని జబ్బు. నీ బరువు కూడా ఏస్తే జబ్బు యాడుండాదో తెలుస్తాది." అవ్వ చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కింది. పదిమందీ ఒకేసారి ఎగిరారు. బండిని మోసే కమాను కట్టలు పూర్తిగా అణిగి, పైన అడ్డుండే రబ్బరుకు తాకిన చప్పుడు వినిపించింది. "ఇంగోసారి!" అని కింద నుంచి కేక. ఆడవాళ్ల నవ్వులకు ఆవులు బెదిరి కట్టుకొయ్యలు పీక్కున్నంత పని చేశాయి. మేస్త్రీ ఒళ్లంతా దుమ్ముతో బయటికి వచ్చి బద్ద మీద కొత్త గాటు చూపించాడు. పాత గాటుకు రెండు వేళ్ల దూరం. మినీబస్సు షాకు పగలడానికి కారణం ఆ రెండు వేళ్లే.

ఆ బద్దకు సరిపడింది సామాన్లు మోసే ఏదో పాత బండి షాకుల జత. కన్నుల్లో రబ్బరు బుష్‌లు మాత్రం మార్చాల్సి వచ్చింది. కొనే ముందు వాటిని నిలబెట్టి రెండు చేతులతో నొక్కి చూపించాడు. "ఊపిరి పీల్చినట్టు నెమ్మదిగా పోవాల, నెమ్మదిగా రావాల. మధ్యలో గబుక్కుమంటే లోపల ఆయిలు లేనట్టే." వెనక జత మారాక వెన్న శాతం పెరిగింది. అవ్వ నాకు క్షమాపణలేమీ చెప్పలేదు. ఒకరోజు నా అన్నం డబ్బాలో పిడికెడు వెన్న వేసి, "ఇది నేనిస్తా ఉండా, నువ్వు తీసింది కాదు," అంది.

ఆ తర్వాత పని లేకపోయినా షెడ్డులో ఆగేదాన్ని. పదకొండింటికి ఆయన రాగి జావ తాగేవాడు. ఎవరి బండి గొయ్యి మీద ఉన్నా ఆ పది నిమిషాలు పానా ముట్టేవాడు కాదు. నేను తొందర పెడితే, "నీ ఓపికకు కూడా యాడైనా స్పేరు దొరికేట్టుంటే ముందు అది కొందుము," అనేవాడు. ముందు చక్రాల షాకులు ఇంకా పాతవే. పాలు వెనక ఉంటాయి కాబట్టి వెనకవి ముందు చేశాం. ముందువి ఆయన పోయిన రోజే కొలవాలనుకున్నాం.

ఆయన లేడని గుండ్రాళ్లు మెత్తబడలేదు. వారం తిరగకముందే ముందు ఎడమ షాకు మిగిలిన కాస్త ఆయిలూ కక్కేసింది. వెన్న బిళ్లలు మళ్లీ కనిపించాయి. అవ్వే ముందు చూసింది. నేను నోరు తెరిచేలోపే, "కొలుస్తావా?" అని అడిగింది.

"నాకు రాదు అవ్వా."

"కింద పడుకోను వస్తాదా రాదా? మేము ఎగురుతాం."

పడుకున్నాను. చట్రాన్ని జాకీతో లేపి పొడుగు గాటు పెట్టుకున్నాక, పైన వాళ్లు ముందు వైపుకు చేరి ఎగిరారు, ఈసారి నవ్వులు లేవు. గాటు వంకరగా వచ్చింది. ఇంకోసారి ఎగరమన్నాను. మూడోసారికి సరిగ్గా వచ్చింది. చిత్తూరులో పాత సామాన్ల అంగడాయన, "ఏ బండికి పాపా?" అని అడిగాడు. బండి పేరు చెప్పలేదు. బద్ద చూపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "పుత్తూరాయన మనిషివా?" అన్నాడు. తల ఊపాను. రెండు గంటలు వెతికాం. పన్నెండో షాకో, పదమూడోదో, రెండు గాట్లకూ సరిపోయింది. జత కూడా అక్కడే దొరికింది. పంక్చర్ల అన్న, నేను కలిసి బిగించాం.

దినాలు అయినాక మేస్త్రీ భార్య షెడ్డు ముందు చేతిసంచితో నిలబడి ఉంది. వంక అవతల పల్లెలో ఆమె తమ్ముడి ఇల్లు. చావు జరిగాక పుట్టింటివాళ్ల దగ్గర మూడు రాత్రులు నిద్ర చేసి రావాలి, అది ఆనవాయితీ. "దింపుతావా పాపా?" అని అడిగింది. ముందు సీటులో కూర్చోబెట్టుకున్నాను.

"మీ మేస్త్రీ పోయిన కాడి నుంచి కన్ను మూతపడలేదు," అంది. "నిద్ర సెయ్యమంటారు. యాడొస్తాది?" నేను బండి వేగం తగ్గించాను.

వంకలోకి దిగేటప్పుడు మొదటి గేరులో వేశాను. ముందు చక్రం పెద్ద రాయి మీది నుంచి గుంటలోకి జారింది. బండి నెమ్మదిగా వంగి, అంతే నెమ్మదిగా లేచింది. పక్కకు చూశాను. ఆమె తల సీటు మీద ఒరిగి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. ఒడిలో సంచి పట్టుకున్న వేళ్లు వదులయ్యాయి. మరో రాయి, మరో గుంట. ఆమె నిద్ర చెదరలేదు.

అవతలి ఒడ్డున తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. దగ్గరికి వచ్చి తలుపు మీద చెయ్యి వేసి, అక్కను చూసి, తెరవకుండా అలాగే ఆగిపోయాడు. చప్పుడు మారితే లేస్తుందేమోనని నేను ఇంజను ఆపలేదు. ఎండ ఎక్కుతోంది. ఇద్దరం ఆమె వైపు చూస్తూ అలాగే ఉండిపోయాం.