కాలువ పొంగితే ఎంత ఎత్తు

కాలువ పొంగితే ఏ వీధిలోకి ఎన్ని నీళ్లు వస్తాయో కంప్యూటర్‌లో లెక్కకట్టి చూపించడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో అందరూ నీళ్లక్క అనేవారు. పల్లపు వీధికి ముంపు లేదని పదకొండేళ్ల కిందట తేల్చింది ఆమే. ఆ మాట మీదే అక్కడ ఇళ్లు లేచాయి. సొంత తమ్ముడూ అక్కడే కట్టుకున్నాడు.

ఈ వేసవిలో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఎలా పనిచేస్తాయో చూద్దామని పాత లెక్కనే మళ్లీ నడిపింది. అదే కాలువ, అదే వాన. ఈసారి తమ్ముడి వీధిలో నడుముల్లోతు నీళ్లు!

మూడుసార్లు నడిపినా అంతే. పాత యంత్రం ఎప్పుడో తుక్కులోకి పోయింది. ప్రోగ్రాంను ఈలోపు నలుగురు సవరించారు, ఏం మార్చారో ఎవరూ రాసిపెట్టలేదు. ఆనాడు తానేం అంకెలు వేసిందో తన పుస్తకంలోనూ సగమే ఉంది.

పెద్దాఫీసరు పాత ఫలితం, కొత్త ఫలితం ఉన్న రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇందులో ఏది నిజమమ్మా?"

"తెలియదు సార్."

"జనానికి ఏం చెప్పమంటావు మరి?"

"తెలియదనే చెబుదాం. ప్రోగ్రాం, కొలతలు అన్నీ బయటపెడదాం. వేరేవాళ్లు కూడా నడిపి చూస్తారు."

"మన తప్పుకి మనమే చాటింపు వేయాలా?" అని ఆయన ఫైలు మూసేశాడు.

ఆమె కొలత టేపు పట్టుకుని పల్లపు వీధికి వెళ్లింది. నాలుగేళ్ల కిందటి వానకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడిగింది. కుట్టుపని చేసే ముసలావిడ మొదటి మెట్టు చూపింది. ఎదురుగా సైకిళ్లు బాగుచేసే ఆయన తన మోకాలు చూపాడు. ఆ వాననే కొత్త కంప్యూటర్‌లో నడిపితే రెంటికీ మధ్యన వచ్చింది. ఇద్దరి గుర్తూ ఒకటి కాకపోవడంతో ఏమీ తేలలేదు.

"అప్పుడు కట్టుకోమన్నావు, కట్టుకున్నా. ఇప్పుడు మునుగుతుందంటున్నావు. నేను ఏ అక్క మాట వినాలి?" అన్నాడు తమ్ముడు.

"మునగొచ్చంటున్నానురా. మునుగుతుందని కాదు."

మరదలు వంటింట్లోంచి వచ్చింది. "అవన్నీ మాకెందుకు వదినా? మంచాలు మేడమీదకి ఎక్కించాలా వద్దా, ఆ ఒక్క ముక్క చెప్పండి."

"ఎక్కించు."

"మరి ఇల్లో?"

ఆమె చేతిలోని టేపు చుట్టుకుంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వీధి తడవనైనా తడవలేదు. "మీ అక్క ఉత్త పుణ్యానికి హడలగొట్టిందయ్యా" అని ఇరుగుపొరుగు నవ్వారు. అన్నీ బయటపెట్టమని ఆమె పెద్దాఫీసరుకు ఉత్తరం రాసింది, దానికి బదులు రాలేదు. తమ్ముడు మంచాలు కిందికి దించుతుంటే చూస్తూ నిలబడింది. వాన రాని ఏడాది ఏ లెక్కకీ సాక్ష్యం కాదు. ఆ మాట చెబుదామని నోరు తెరిచి, మంచం రెండో కొస పట్టుకుంది.