కింద కంప్యూటరు, మేడమీద నేను

సిటీ బస్సులో నా చేతిలో పేపరు చదివేసే మనుషుల మీద నాకు పెద్ద కోపమేమీ లేదు. పేపరు కొన్నది నేనే అయినా అక్షరాలు అందరివీను. కానీ పటమట నుంచి భవానీపురం వెళ్తుండగా ఒకసారి, నేను పేజీ తిప్పబోతుంటే వెనక నిలబడ్డాయన నా భుజం మీదుగా వేలు పెట్టి, "ఒక్క నిమిషం ఆగండమ్మా, ఇంకా మూడు లైన్లున్నాయి" అన్నాడు. నేను ఆగాను. ఆయన మీద కోపం ఆ స్టాపులోనే దిగిపోయింది. ఆగినందుకు నా మీద కోపం మాత్రం ఇంకా ఉంది.

రెండువేల దశకం మధ్యలో నేను ఇంట్లోనే డీటీపీ చేసేదాన్ని. ఎమ్మే చదివినందుకు నాకు దక్కిన వృత్తి అది. విజయవాడలో పుస్తకాలు వేసేవాళ్ళకీ, పెళ్ళిళ్ళు చేసేవాళ్ళకీ ఎప్పుడూ లోటు లేదు. కంప్యూటరు హాల్లో ఉండేది. ఇన్వర్టరు లైను అక్కడికే ఉంది గనక అని మావయ్యగారు చెప్పేవారు. వచ్చినవాళ్ళకి కనబడాలి గనక అని అత్తయ్యగారు చెప్పేవారు. ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు.

మావయ్యగారు కాలవల డిపార్టుమెంటులో రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళపాటు ఏ ఊరికి ఎన్ని నీళ్ళు వదలాలో చూసుకున్న మనిషి ఊరికే కూర్చోలేరు కదా. నా కుర్చీ వెనక కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పక్కింటి మాస్టారు వస్తే మూడో కుర్చీ పడేది. నేను శుభలేఖ కంపోజు చేస్తుంటే, అది అచ్చయ్యేలోపే మా హాల్లో ఆ సంబంధం మీద తీర్పు వచ్చేసేది.

"ఈ పెళ్ళికొడుకెవరో తెలుసా మాస్టారూ? మా తోడల్లుడి వాళ్ళకి ముందొచ్చిన సంబంధమే. వద్దన్నారు."

"ఏమండీ, ఎందుకని?"

"పొట్టి."

శుభలేఖలతో ఇబ్బంది లేదు. పుస్తకాలతోనే వచ్చింది. "ఆ మాట అక్కడ అతకలేదమ్మాయ్, మార్చు" అనేవారు మావయ్యగారు. మార్చేదాకా వెనక కుర్చీ కిర్రుమంటూనే ఉండేది. అలా ఒక పుస్తకంలో నాలుగు చోట్ల మావయ్యగారి తెలుగు అచ్చయింది. రచయిత నాలుగూ పట్టుకున్నాడు. ప్రచురణకర్త ఫోన్ చేసి, "ఇంకోసారి ఇట్లా అయితే పని వేరేవాళ్ళకి ఇచ్చుకుంటామండీ" అన్నాడు, చాలా మర్యాదగా. తిట్టి ఉంటే కాస్త ధైర్యంగా ఉండేది.

తరవాతి పుస్తకం కూచిపూడి పెద్దాయన ఒకరిది. నాట్యం పాటలకి ఆయన రాసుకున్న వ్యాఖ్య. నెలాఖరుకి ఇవ్వాలి. ఆ చేతిరాత కట్ట అందుకున్న రోజే, ఇక నుంచి మేడమీద గదిలో పనిచేస్తానని ఇంట్లో ప్రకటించాను. నడుం నొప్పి, పైన చాప వేసుకుని కూర్చుని చేసుకోవాలి అని కారణం చెప్పాను. నడుం బాగానే ఉంది.

కంప్యూటరు పైకి రాదు, ఇన్వర్టరు లైను లేదు. తెలుగు సాఫ్టువేరేమో, కంప్యూటరు వెనక ప్రింటరు పెట్టే చోట తగిలించిన డాంగిల్ అనే చిన్న బిళ్ళ ఉంటేనే నడుస్తుంది. మా లాప్‌టాప్‌కి ఆ బిళ్ళ పట్టే చోటు లేదు. కాబట్టి వైర్‌లెస్ రౌటరొకటి కొని హాల్లో కంప్యూటరుకి తగిలించాను. పైన లాప్‌టాప్ ముందు కూర్చుని, గాలిలోంచి కింది కంప్యూటరుని నడుపుతానన్నాను.

"గాల్లోంచి ఎందుకూ, వైరు లాగించుకో" అన్నారు మావయ్యగారు. ఆ వెంటనే, "స్లాబుకి మాత్రం చిల్లు పెట్టనివ్వను" అన్నారు. చివరికి, "పది రోజులు చూద్దాం. కాకపోతే బుద్ధిగా కిందే కూర్చో" అని తేల్చారు.

మొదటి రోజు పైనుంచి పిలిస్తే కింది కంప్యూటరు పలకలేదు. పింగ్ అని ఒకటుంది. ఇంటి ముందు నిలబడి "ఉన్నారాండీ" అని కేకేయడం లాంటిది. నేను కేకేస్తూనే ఉన్నాను. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకున్నప్పుడల్లా రౌటరు ఆగి మళ్ళీ మొదలై కంప్యూటరుకి కొత్త నంబరు ఇస్తోందని, నేను పాత చిరునామాకి వెళ్ళి తలుపు కొడుతున్నానని రెండో రోజుకి అర్థమైంది. నంబరు మారకుండా బిగించాను. మూడో రోజు, కంప్యూటరుకి కాపలా కాసే ఫైర్‌వాల్ అడ్డం పడింది. ఊళ్ళో దొంగలందర్నీ వదిలేసి ఇంటి కోడలిని ఆపుతోంది. దానికి నన్ను పరిచయం చేశాను. నాలుగో రోజు పొద్దున లాప్‌టాప్ మీద కింది తెర తెరుచుకుంది. డాబా మీద ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

పదింటికి తెగిపోయింది.

సాయంత్రం ఐదింటికి దానంతటదే వచ్చింది. మర్నాడూ అంతే, పదింటికి పోవడం, ఐదింటికి రావడం. ప్రభుత్వాఫీసు కూడా అంత టైముకి నడవదు. కింద ఇంటర్నెట్టు మాత్రం శుభ్రంగా వస్తోంది. "ఇక్కడ బాగానే ఉందిగా అమ్మాయ్" అని మావయ్యగారు మెట్ల కిందనుంచి రోజూ ధ్రువీకరించేవారు. షాపాయన్ని అడిగితే స్లాబు మందం ఎక్కువండీ, పెద్ద యాంటెన్నా కొనండి అన్నాడు. ఐదు తరవాత స్లాబు పలచబడుతోందా అని అడిగాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

"కిందకొచ్చేయొచ్చుగా, ఎందుకీ పంతం?" అన్నాడు మా ఆయన.

"నాకు లెక్క తేలాలి" అన్నాను.

"ఏం లెక్క?"

"పదింటికి ఈ ఇంట్లో ఏం జరుగుతోందో."

తొమ్మిదో రోజు పదిన్నరకి లాప్‌టాప్‌ని పసిపిల్లలా చంకనెత్తుకుని, సిగ్నలు గీతలు చూసుకుంటూ మెట్లు దిగాను. పైన ఒకటే గీత. మెట్ల మధ్యలోనూ ఒకటే. హాల్లోకొచ్చినా ఒకటే! రౌటరు పక్కనే నాలుగు ఉండాలి. చూస్తే బల్ల మీద రౌటరు లేదు. వెనక చుట్టలు చుట్టి పెట్టిన పొడుగు వైర్లు ఎవరో విప్పారు. అవి గోడవారగా పాక్కుంటూ అత్తయ్యగారి గదిలోకి వెళ్ళాయి. నేనూ వెళ్ళాను. వైర్లు ఇనప బీరువా తలుపు సందులోకి దూరాయి.

"అత్తయ్యగారూ, ఒకసారి ఇది తీస్తారా?"

ఆవిడ బొడ్లోంచి తాళాలగుత్తి తీసి తెరిచారు. పట్టుచీరల దొంతర మీద, టర్కీ తువ్వాలు పరుచుకుని, కలరా ఉండల మధ్య మా రౌటరు మిణుకు మిణుకుమంటోంది.

"పక్కింటాళ్ళు మన సిగ్నలు లాగేసుకుంటారంట. మీ మావయ్య పేపర్లో చదివారు" అన్నారు ఆవిడ. "పొద్దున పేపరవగానే లోపల పెట్టిస్తున్నారు."

"మరి సాయంత్రం తీసేస్తున్నారేం?"

"రాత్రిళ్ళు దొంగలు ముందు చూసేది బీరువానే గదమ్మా."

కలరా ఉండల వాసనతో సహా రౌటరుని బయటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. దానికి పాస్‌వర్డ్ పెట్టి, మావయ్యగారికి చూపించి, ఇది తాళంలాంటిదే, పక్కింటివాళ్ళు గింజుకున్నా రాదు అని చెప్పాను.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?" అన్నారు.

కాయితం మీద రాసి ఇచ్చాను. ఆయన దాన్ని బీరువాలో పెట్టించారు.

పదో రోజు పదింటికి కనెక్షను పోలేదు. పదకొండుకీ పోలేదు. గడువులోపల గెలిచాను. పాటల పుస్తకం ఇరవై పేజీలు ఏకబిగిన వచ్చింది. అప్పుడు మెట్ల కిందనుంచి కేక:

"అమ్మాయ్! మూడో లైనులో ఆ మాట అతకలేదు!"

ఒక సంగతి నేను ఆలోచించలేదు. నేను వాడుతున్నది పైన కనిపించే తెరే కింద కూడా కనిపించే రకం ప్రోగ్రాము. హాల్లో కుర్చీలు వేసుకుని మావయ్యగారూ, పక్కింటి మాస్టారూ కూర్చున్నారు. ముందు మనిషి లేదు, బాణంగుర్తు దానంతటదే తిరుగుతోంది, అక్షరాలు వాటంతటవే పడుతున్నాయి. నేను ఎదురుగా ఉన్నప్పటికంటే ఇప్పుడే వాళ్ళకి తెర బాగా కనిపిస్తోంది. అడ్డం నా తల లేదు.

"వినిపించిందా? మార్చు!"

అలవాటుకొద్దీ నా వేలు ఆ మాట దాకా వెళ్ళింది. అది కూచిపూడి పెద్దాయన మాట. ఆయన ఏళ్ళ తరబడి వెతికి పెట్టుకున్న మాట. వేలు వెనక్కి తీసుకున్నాను. ప్రోగ్రాములో ఉన్న మెనూలన్నీ తెరిచి చూశాను. అవతలి తెర కనబడకుండా చేసే గడి ఒకటి అట్టడుగున ఉంది. అందులో టిక్కు పెట్టాను.

కిందనుంచి "నల్లగా అయిపోయిందేంటండీ?" అని మాస్టారి గొంతు. తరవాత మెట్ల మీద అడుగులు, ఒక్కొక్కటీ ఆగి ఆగి. మావయ్యగారికి నిజంగానే మోకాళ్ళ నొప్పులు. మేం మేడ వేశాక ఆయన అన్ని మెట్లెక్కడం అదే మొదలు.

గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. ఆయాసం తీరేదాకా నా ఎదురుగా వెలుగుతున్న లాప్‌టాప్ తెరని చూశారు. మూడో లైనులో ఆ మాట అలాగే ఉంది. తరవాత నన్ను చూశారు.

"నడుం నొప్పి కాదన్నమాట. మేం చూడకూడదనేగా ఇదంతా?"

"అవును మావయ్యగారూ" అని, మూడో లైను అలాగే ఉంచి పేజీ తిప్పాను.