గోడలో జానెడు సందు

నాయన పోయిన రెండు నెలలకు, పెరటి గోడ అడుగున ఉన్న జానెడు సందును సిమెంటుతో మూసేశాను. ఆ గోడను ఆయనే రాళ్లు పేర్చి కట్టాడు. సందు ఎందుకు వదిలాడో నేనెప్పుడూ అడగలేదు. పాములు దూరుతాయని నా భయం.

తొలివాన వెలిసిన సాయంత్రం గోడ అవతల టక్ టక్‌మని చప్పుడైంది. తొంగి చూస్తే తాబేలు! నల్లటి డిప్ప నిండా పసుపు చారలు. నేను మూసిన చోటునే డిప్పతో పొడుస్తోంది.

"అమ్మా! నక్షత్ర తాబేలు!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తి చాలా రోజులైంది.

అమ్మ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "దాని దోవ మూసినావు గదప్పా! మన నీళ్ల తొట్టికాడ గడ్డి మేసేకి ఏటేటా వస్తాది. దానికోసమే మీ నాయన సందు ఇడిసిపెట్టినాడు."

"నాకెప్పుడూ కనపడలేదే?"

"పుస్తకంలో తల పెట్టుకొని కూచుంటే యాడ కనపడుతుంది?"

అంతలో తాబేలు వెనక్కి తిరిగింది.

"పోతాండాది! బిరీన పగలగొట్టు!"

గడ్డపార తెచ్చి పొడిచాను. ఆ చప్పుడుకు తాబేలు తల లోపలికి లాక్కుని కదలకుండా ఉండిపోయింది. అదే మేలైంది. సిమెంటు పెళ్లలు ఊడి, నాయన పేర్చిన రాళ్లు మళ్లీ కనిపించాయి. నేను గడ్డపార పక్కన పెట్టి ఎదురుచూశాను. చాలాసేపటికి తల బయటికొచ్చింది. తాబేలు ఇటు తిరిగి, సందులోకి దూరింది. డిప్పకు రెండు వైపులా వేలు పట్టేంత చోటే మిగిలింది. నాయన కొలుచుకునే వదిలినట్టున్నాడు.

అమ్మ నా భుజం పట్టి లాగింది. "జరుగప్పా, దాని దోవలో నిలబడినావు."