మంచుకంటే ముందు

ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన ఆర్డిస్ హాగెన్ తిరిగిన మైళ్ళన్నీ కలిపితే చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ ఒక కాఫీ తాగి, వెనక్కి రావచ్చు. ఈ లెక్క కట్టింది బ్రెకెన్ ఊళ్ళో రోజూ కాఫీ బల్ల చుట్టూ చేరే కబుర్లరాయుళ్ళు కాబట్టి ఇక తిరుగులేదు. చిక్కల్లా ఒక్కటే, ఆ మైళ్ళన్నీ ఒకే జిల్లా లోపలివి. గానుగెద్దుకైనా ఆమెకంటే నాలుగు ఊళ్ళు ఎక్కువ తెలిసుంటాయి.

అందుకే ఉద్యోగం మానగానే ఇంటిబండి కొంది. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. ఇక రోడ్డే నా ఇల్లు, ఒక్కదాన్నే పోతాను అని ఊరంతా చాటింది. చాటి నాలుగేళ్ళయింది.

ఉత్తర డకోటా చలి ఎవరి కబుర్లూ వినదు. తొలి మంచు రాత్రి బండి గొట్టాల్లో నీళ్ళుంటే గడ్డకట్టి పగిలిపోతాయి. అంతలోగా దక్షిణానికి దిగిపోవాలి. లేదంటే గడ్డకట్టని గులాబీరంగు మందు గొట్టాల్లోకి పోసి, బండికి పట్టా కప్పి, ఏప్రిల్ దాకా కూర్చోవాలి. గడిచిన నాలుగు అక్టోబర్లూ ఆర్డిస్ మందే పోసింది. నాలుగుసార్లూ డబ్బా తెచ్చిచ్చింది పక్కింటి ఓర్విల్.

ఈ ఏడు మాత్రం ఇల్లు అమ్మేసింది. మంచాలు, కుర్చీలు గ్యారేజీలో పరిచి, వచ్చినవాళ్ళకల్లా కట్టబెట్టేసింది. ఇల్లు కొన్నవాళ్ళు శనివారం దిగుతారు. అప్పటిదాకా వాకిట్లో ఆపిన బండిలోనే కాపురం. కరెంటు, నీళ్ళు మాత్రం ఖాళీ ఇంటినుంచే, ఒక వైరూ ఒక పైపూ లాగి. కాలు కాలిన పిల్లిలా రోజంతా బండెక్కడం, దిగడం, సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దడం.

గురువారం రాత్రి మంచు పడుతుందని రేడియో చెప్పింది. మంగళవారమే ఓర్విల్ గులాబీ డబ్బా తెచ్చి బండి మెట్టు మీద పెట్టాడు.

"పోతున్నానంటే వినపడదా నీకు?" అంది ఆర్డిస్.

"వినపడి నాలుగేళ్ళయిందమ్మా. మా కొట్టం పక్కన నీ బండికి చోటు ఊడ్చి పెట్టాను. కరెంటు కూడా ఉంది. ఊరికే సిగ్గుపడకు."

ఆర్డిస్‌కు అసలు భయం అదే. ఆ చోటు బాగుంటుంది. వెచ్చగా ఉంటుంది. ఈసారి అక్కడ ఆగిందంటే తనను కదిపేది శవపేటికే.

బుధవారం బయల్దేరాలనుకుంది. స్కూలు బస్సు వాళ్ళకొక నియమం ఉంది. దిగేముందు చివరి సీటు దాకా నడిచి, ఏ పిల్లైనా నిద్రపోయి మిగిలిపోయిందేమో చూడాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆర్డిస్ ఒక్క పిల్లను మరిచింది లేదు. ఇప్పుడు ఇంజను వేసే ముందు కూడా బండి చివరికి నడిచి, మంచం కింద వంగి చూస్తేగాని మనసు ఒప్పదు. చూసినప్పుడల్లా ఏదో ఒకటి కనిపించేది. కుదరని మూత, మడవని దుప్పటి. అలా చూస్తూ చూస్తూనే బుధవారం గడిచిపోయింది.

గురువారం మధ్యాహ్నానికి గాలి ఉత్తరానికి తిరిగింది. ఓర్విల్ కంచె దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆర్డిస్ మెట్టు మీది డబ్బా తీసి గడ్డిలో పెట్టింది. లోపలికెళ్ళింది. తొమ్మిదోసారి చివరిదాకా నడిచింది. ఎవరూ లేరు. ఇక లోపల చూడ్డానికి ఏమీ మిగల్లేదు. కూర్చుని ఇంజను వేసి, బ్రేకు వదిలింది.

లోపలంతా తొమ్మిదిసార్లు చూసిన మనిషి బయట ఒక్కసారీ చూసుకోలేదు.

వైరు పుణ్యాత్మురాలు, తనంతట తనే ఊడింది. పైపు ఊడలేదు. ఇంటి గోడకున్న కుళాయినే పీకింది. నీళ్ళు ఎంత ఎత్తుకు ఎగిశాయంటే చర్చి గంట తడిసి మూడు రోజులు గొంతు బొంగురుపోయిందని ఊళ్ళో ప్రమాణం చేసి చెబుతారు. ఆర్డిస్ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. తలుపు తెరిచింది. ఒక కాలు మెట్టు మీదికి వచ్చింది.

ఓర్విల్ అప్పటికే కంచె దాటి, విరిగిన గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి, పీకలదాకా తడిసిపోయి నిలబడ్డాడు.

"ఉండు, నీళ్ళు కట్టేసి వస్తాను" అంది ఆర్డిస్.

"దిగావంటే ఆ డబ్బా నీ గొంతులో పోస్తాను. ఇంటి కింద నేలమాళిగలో నీళ్ళు ఆపే మీట ఎక్కడుందో నాకు తెలీదా? పో."

ఆమె అతన్నే చూసింది. పెదాలు చలికి నీలమవుతున్నాయి, అయినా నవ్వుతున్నాడు. మెట్టు మీది కాలు లోపలికి తీసుకుని తలుపు వేసింది.

దక్షిణ డకోటా సరిహద్దు దాటి పెట్రోలు బంకులో ఆపాక, అలవాటు కొద్దీ చివరిదాకా నడిచింది. ఎవరూ లేరు. ఈసారి బయటికి దిగి చుట్టూ తిరిగింది. వెనకాల నలభై అడుగుల పైపు తోకలా పడి ఉంది, చివర ఇత్తడి కుళాయితో. పైపు చుట్ట చుట్టి బండిలో పెట్టుకుంది. పెట్టేముందు, నీళ్ళు కారతాయేమోనని, కుళాయి గట్టిగా కట్టేసింది.