నిటారమ్మ బిందె

చనిపోయిన రోజు పొద్దున పెద్దకోడలు చేసిన చివరి పని కాలిగోళ్ళు కత్తిరించుకోవడం.

వెనక గుమ్మం మెట్టు మీద పాత పేపరు పరుచుకుని కూర్చుంది. నడుం వంచి కాలి బొటనవేలు అందుకుంది. మూలుగు లేదు, "అమ్మా" అన్న మాట లేదు. వంటింట్లోంచి చిన్నకోడలు ఓరగా చూస్తూనే ఉంది. తన కాలివేళ్ళని తను ముట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆవిడకి గుర్తే లేదు. గోళ్ళు తీయించుకోవాలంటే మొగుణ్ణి బతిమాలాలి. ఆయన కళ్ళజోడు వెతుక్కుని, సణుక్కుంటూ మొదలుపెట్టి, ఎక్కడో ఒకచోట చర్మం కూడా కత్తిరిస్తాడు.

"రేపు మందిరానికి వెళ్ళాలిగా. దేవుడి ముందు నిలబడే కాళ్ళు," అంది పెద్దకోడలు తలెత్తకుండానే.

"దేవుడు నీ గోళ్ళు చూస్తాడా అక్కా? ఆయనకి వేరే పన్లేదా?"

"ఆయన చూసేలోపు నేనే చూసుకుంటే పోలా?"

గోళ్ళు ఒక్కటి కూడా కింద పడకుండా పేపరు మడిచి బుట్టలో వేసింది. చేతులు కడుక్కుంది. మధ్యాహ్నం తిన్నాక అలవాటు ప్రకారం నడుం వాల్చింది. సాయంత్రం టీకి పిలిస్తే లేవలేదు.

"పడుకున్నది పడుకున్నట్టే పోయింది, ఎంత పుణ్యాత్మురాలో!" అన్నారు వచ్చినవాళ్ళంతా. చిన్నకోడలు వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆ ఏడుపు మధ్యలోనే లోపలెక్కడో ఒక మంట లేచింది. చావులో కూడా మార్కులు దీనికేనా?

ఇద్దరూ తోడికోడళ్ళు. పెద్దావిడ మొగుడు చాలా ఏళ్ళ కిందటే పోయాడు. ఇంటి కింది భాగంలో కుట్టుపని షాపు. స్కూలు యూనిఫారాలు, ఆసుపత్రి కోట్లు కుట్టేవాళ్ళు. పెద్దావిడ కటింగ్ బల్ల దగ్గర నిలబడేది, చిన్నావిడ మిషను ముందు కూర్చునేది. పెద్దావిడ వెన్ను అంగుళం కూడా వంగేది కాదు. అందుకే చిన్నావిడ ఆమెకి "నిటారమ్మ" అని పేరు పెట్టింది. ముందు వెక్కిరింపుగానే పెట్టింది. పోనుపోను వీధంతా దాన్ని ముద్దుపేరు చేసుకుని, "నిటారమ్మగారూ, కోటు అయిందా?" అని అడగడం మొదలుపెట్టింది. తను పెట్టిన పేరు కూడా ఆవిడకే కలిసొచ్చిందని చిన్నావిడ మూతి ముడుచుకుంది.

పెద్దావిడ భక్తి మిగతావాళ్ళ భక్తిలా ఉండేది కాదు. పాటలు పాడదు, ఉపవాసాలుండదు. తెల్లారకముందే డాబా మీదకి వెళ్ళి చేతులు చాపి, మెడ తిప్పి, నెమ్మదిగా వంగి లేస్తుంది. మంచినీళ్ళు తాగేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది. షాపులో గడియారం గంట కొట్టినప్పుడల్లా కత్తెర పక్కన పెట్టి, అందరినీ లేపి నిలబెడుతుంది. పిడికిళ్ళు బిగించి వదలమంటుంది. కిటికీలోంచి దూరంగా చూడమంటుంది. "కళ్ళు నీవి, చేతులు నీవి. జాగ్రత్తగా వాడుకుని నీకే అప్పగిస్తాం," అని చిన్న గొంతుతో అంటుంది. కుట్టే ఆడవాళ్ళంతా కూడా అంటారు. చిన్నకోడలు మాత్రం లేచేది కాదు. అప్పుడే ఆమె మిషను ఇంకాస్త గట్టిగా మోగేది.

"దండం పెట్టుకోమంటే కసరత్తులు చేయిస్తుందేంటి ఈవిడ?"

"కస్టమరు గుడ్డ మన చేతికొస్తే మరక పడనిస్తామా చెల్లీ? ఒళ్ళూ అంతే. ఆయన గుడ్డ ఇది."

"ఆ కస్టమరు నీకు పట్టుగుడ్డ ఇచ్చాడు, నాకు గోనెసంచి ఇచ్చాడు. నేనెంత ఉతికితే ఏం లాభం?"

అందరూ పగలబడి నవ్వారు. పెద్దావిడ కూడా నవ్వింది. చిన్నావిడ మాత్రం నవ్వడానికి అనలేదు. దేవుడు పక్షపాతి అని ఆమె నిజంగానే నమ్మింది. ఒకే ఇంటికి వచ్చిన ఇద్దరిలో ఒకరికి ఉక్కులాంటి ఒళ్ళిచ్చి, ఇంకొకరికి నొప్పుల మోకాళ్ళిచ్చినవాణ్ణి ఏమనాలి?

అన్నిటికంటే ఆమె కళ్ళలో గుచ్చుకున్నది బిందె. వారం వారం మందిరంలో, కింద కొళాయి దగ్గర ఇత్తడి బిందె నింపి, మూతి మీద తెల్లగుడ్డ కప్పి, పైనున్న ప్రార్థన గదికి ఒకరు మోసుకెళ్ళాలి. ప్రార్థనయ్యాక ఆ మనిషే ఒక్కొక్కరికీ గరిటెతో గుక్కెడు నీళ్ళు పోయాలి. ఒంటిని బాగా చూసుకునే మనిషికే ఆ పని ఇస్తారు. పెళ్ళయి వచ్చిన కొత్తల్లోనే అది పెద్దకోడలి చేతికి వచ్చింది, మళ్ళీ వదల్లేదు. బిందె చంకన పెట్టుకుని, తల నిలబెట్టి, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతుంటే జనం పక్కకి తప్పుకునేవాళ్ళు. పెళ్ళికూతురు ఊరేగింపు కూడా అంత నెమ్మదిగా సాగదని చిన్నావిడ పళ్ళు కొరికేది. అంతా చూడాలనేగా ఆ ఆగడం!

ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది. "అక్కా, ఒక్క వారం నేను మోస్తానే. నాకు చేతులు లేవా?"

"మోద్దువుగాని. ముందు ఆ మోకాళ్ళ సంగతి చూడు. పొద్దున్నే నాతో డాబా మీదకి రా."

నువ్వు పనికిరావు అన్న మాటే వినపడింది చిన్నావిడకి. రోషం వచ్చింది. డాబా మీదకి వెళ్ళలేదు. బాత్రూంలో గడియ పెట్టుకుని, అక్క చేసినట్టే గొంతుక్కూర్చుంది. కూర్చోవడం వరకూ బాగానే అయింది. లేవడం కుదరలేదు. కుయ్యో మొర్రో అంటే ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చారు. మొగుడు తలుపు సందులోంచి స్క్రూ డ్రైవరు దూర్చి గడియ తీశాడు. ముందు లోపలికి వచ్చింది పెద్దకోడలే. కానీ చెయ్యి పట్టి లేపలేదు. గుమ్మంలోనే నిలబడి, "తొందరపడకు. బకెట్టు పట్టుకో, ఊపిరి తీసుకో. మరిదీ, నువ్వు లోపలికెళ్ళి లేపు," అంది.

"చెయ్యి కూడా వెయ్యలేదు మహాతల్లి," అని వారం రోజులు దెప్పింది చిన్నావిడ. షాపులోనూ అంతే కదా. గుడ్డ తాను అటకెక్కించాలన్నా దించాలన్నా పెద్దావిడ తను ముట్టుకోదు. "పట్టండమ్మా ఎవరైనా," అని మహారాణిలా పక్కకి జరుగుతుంది. మధ్యాహ్నం కాగానే, కస్టమర్లు నిలబడి ఉన్నా సరే, పడుకోవడానికి వెళ్ళిపోతుంది. అడిగితే, "ఇది దేవుడి టైం," అంటుంది. పడుకోవడానికీ దేవుణ్ణే అడ్డం పెట్టుకునే మనిషిని ఇంకెక్కడా చూడలేదు చిన్నకోడలు.

అలాంటి మనిషి పోయింది. షాపులో గడియారం గంట కొడితే ఆడవాళ్ళు అలవాటుగా లేచి, ఎవరి వైపు చూడాలో తెలియక మళ్ళీ కూర్చుంటున్నారు. కొన్ని రోజులయ్యాక మందిరం పెద్దాయన షాపుకి వచ్చాడు.

"మీ అక్కగారి పని మీరు అందుకుంటే బాగుంటుందమ్మా. మీ ఇంట్లోనే ఉంటుంది."

చిన్నకోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఒత్తుకుంటూనే, మిషను కింద ఆమె కాలు ఆనందం పట్టలేక పెడలు మీద ఆడింది.

ప్రార్థన ముందురోజు బిందెని ఇంటికి తెచ్చుకుంది. మిలమిలా మెరిసేలా తోమి, అందరి కళ్ళూ చెదిరేలా చెయ్యాలనుకుంది. లోపల చెయ్యి పెట్టి చూస్తే, సగానికి చుట్టూ ఒక తెల్లటి గీత. కొళాయి నీళ్ళ సున్నం పేరుకుని గట్టిపడిపోయింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"చూశారా! రండి, ఇటు రండి!" అని మొగుణ్ణి పిలిచింది. "ఇన్నేళ్ళూ మీ వదినని అందరూ నెత్తిన పెట్టుకున్నారే, బిందె కడగడం కూడా రాలేదు! పైపైన నీళ్ళు తిప్పి పారబోసేది, చూడండి ఎంత మురికో."

"పోయినావిడ మీద కూడా ఎందుకే?" అన్నాడాయన.

"నేనేమన్నాను? ఉన్నమాట అన్నాను."

నిమ్మచెక్కా బూడిదా పెట్టి రుద్దింది. మోచెయ్యి పీకింది గానీ గీత పోలేదు. అయినా ఆమెకి బాధ అనిపించలేదు. ఇన్నాళ్ళకి ఒక్క తప్పు దొరికింది. ఆ తృప్తితో ఆ సాయంత్రం కడుపునిండా తింది.

మర్నాడు కొళాయి దగ్గర మందిరం కాపలాదారు బిందె కింద పెట్టి కొళాయి తిప్పాడు. ముసలాయన. నీళ్ళు సగానికి రాగానే కొళాయి కట్టబోయాడు.

"ఏంటయ్యా ఆ పిసినారితనం? నిండా పట్టు. అంచు దాకా పట్టు!"

ఆయన ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. అంచు దాకా పట్టాడు.

చిన్నకోడలు బిందె చంకనెత్తుకుంది. మొదటి మెట్టు మీదే నడుం పట్టేసింది. పళ్ళ బిగువున ఎక్కింది. జనం పక్కకి తప్పుకున్నారు, అక్కకి తప్పుకున్నట్టే. తల నిలబెడదామనుకుంటే మెడ మాట వినలేదు. మెట్లు తిరిగేచోట మోకాలు కలుక్కుమంది. ఇంక ఒక్క అడుగు కూడా పడదని తెలిసిపోయింది. గోడకి జారగిలబడి, అందరి కళ్ళ ముందే బిందె కిందికి దించేసింది. నీళ్ళు చింది తెల్లగుడ్డా, ఆమె బట్టలూ తడిసిపోయాయి.

"ఇన్నేళ్ళు ఆవిడ ఎలా మోసింది?" అంది ఊపిరందక. ఎవరినీ ఉద్దేశించి అడగలేదు. దేవుణ్ణే నిలదీస్తున్నట్టుంది.

కాపలాదారు పైకొచ్చి పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళని "పదండి, పైకి పదండి," అని పంపేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మగారు ఎప్పుడూ సగమే పట్టించేవారమ్మా. మొదటి రోజు నుంచీ అంతే. చిన్నప్పట్నుంచీ గుండెలో ఏదో లోపమట. బరువులెత్తకూడదన్నారట డాక్టర్లు. ఇంట్లో తెలిస్తే మంచాన కూర్చోబెడతారు, నువ్వు చెప్పకు అన్నారు. లోపల తెల్లగీత లేదూ? అది చూసుకునే నేను కొళాయి కట్టేవాణ్ణి."

చిన్నకోడలు తడిగుడ్డ తొలగించి లోపలికి చూసింది. నీళ్ళ కింద గీత కనిపించింది. దాని చుట్టూ నిన్న తను రుద్దిన గీతలు కూడా కనిపించాయి.

"మీ గురించి కూడా చెప్పారమ్మా," అన్నాడు కాపలాదారు. "మా చెల్లి మోసే రోజొస్తే దానికీ ఆ గీత దాకానే పట్టు, నిండా పట్టమని దబాయిస్తుంది, వినకు అన్నారు. ఇందాక మీరు గద్దించేసరికి నాకు నోరు పెగల్లేదు."